చదవాలా, రాయాలా? రోజూ మనల్ని మనం తరచి చూసుకునే పావుగంటకు ఒక పద్ధతి

రోజంతా అయ్యాక మీకోసం ఓ పావుగంట మిగిలింది. ఆ పూట పుస్తకం తెరవాలా, డైరీ తెరవాలా? ఎవరినడిగినా "మీకు ఏది ఇష్టమైతే అది" అనేస్తారు. ఆ సలహా నాకు మింగుడుపడదు. ఇష్టాన్నే పట్టుకుని వెళ్తే చాలాసార్లు మనకు అలవాటైన తప్పించుకునే దారిలోకే వెళ్తాం. తన గురించి తాను ఆలోచించుకోవడం ఇబ్బందిగా ఉండే మనిషికి పుస్తకం హాయిగా ఉంటుంది. వేరొకరి కథలోకి దూరిపోవచ్చు. జరిగినదాన్నే తలుచుకుని తలుచుకుని కుమిలిపోయే మనిషికి డైరీ హాయిగా ఉంటుంది. అదే బాధను ఇంకోసారి చెప్పుకోవచ్చు. ఇద్దరికీ పావుగంట గడిచిపోతుంది, ఇద్దరూ ఎక్కడి నుంచి మొదలుపెట్టారో అక్కడే ఉంటారు.

కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతిలో ఎంపిక మీ ఇష్టాన్ని బట్టి జరగదు, ఆ పూట మీ మనసు ఎలా ఉందో దాన్ని బట్టి జరుగుతుంది. ఒక రోజు చదువుతారు, ఒక రోజు రాస్తారు. ఎప్పుడు ఏది అన్నది తెలుసుకోవడమే ఇందులో అసలు నైపుణ్యం.

ముందు రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి

ఫోను వేరే గదిలో పెట్టి రండి. పుస్తకం, నోటుబుక్కు రెండూ పక్కన ఉంచుకోండి కానీ ఇంకా దేన్నీ ముట్టుకోవద్దు. ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇవాళ నా మనసులో అందరికంటే, అన్నిటికంటే ఎక్కువసేపు తిరిగింది ఏది?

జవాబు మూడు నాలుగు రకాలుగా వస్తుంది.

ఏదో బరువుగా ఉంది, ఏమిటో తెలియడం లేదు. చిరాకో, దిగులో, భయమో పేరు పెట్టలేకపోతున్నారు. అలాంటి రోజు రాయండి. మాటల్లో పెట్టేదాకా అది అలా మసకగానే ఉంటుంది.

ఏం ఉందో బాగా తెలుసు. పైగా పొద్దుటి నుంచి దాన్నే నెమరువేస్తున్నారు. ఎవరేమన్నారో, మీరేమని ఉండాల్సిందో మాటకు మాట అప్పజెప్పగలరు. ఈ రోజు డైరీ జోలికి వెళ్లకండి, చదవండి. మీ తలలో ఉన్నవన్నీ మీ మాటలే, ఒక కొత్త మాట లోపలికి రావాలి.

ఏమీ లేదు. రోజు చప్పగా గడిచింది, చెప్పుకోవడానికి ఏమీ తోచడం లేదు. చదవండి. ఖాళీ పేజీ ముందు కూర్చుంటే "లేచాను, పనికి వెళ్లాను, వచ్చాను" అని రాసి మూసేస్తారు. మంచి పేజీ ఒకటి చదివితే, చప్పగా అనిపించిన రోజులోంచే ఏదో ఒకటి గుర్తుకొస్తుంది.

కళ్లు మూసుకుపోతున్నాయంటే పడుకోండి. అలసటలో చేసే ఆత్మపరిశీలన ఆత్మనిందగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. వరసగా పది రోజులు ఏదో ఒక కారణంతో ఒకటే పని చేస్తున్నారని గమనిస్తే, పదకొండో రోజు రెండోది చేయండి. మనసు మనకు చెప్పే కారణాలు ఎప్పుడూ నిజాయితీగా ఉండవు.

రాసే రోజు

1986లో జేమ్స్ పెన్నిబేకర్, శాండ్రా బీల్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం ప్రచురించారు. వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయాలి. కొందరు మామూలు విషయాలు రాశారు, కొందరు తమ జీవితంలో బాగా బాధించిన సంఘటన గురించి రాశారు. ఆ రెండో రకంలో జరిగినదాన్నీ, అప్పుడు కలిగిన భావాన్నీ కలిపి రాసినవాళ్లు రాసిన వెంటనే కాస్త దిగులుపడ్డారు. కానీ తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లే అవసరం వాళ్లకు తగ్గింది. తర్వాత ఇలాంటి రాతలను విశ్లేషించినప్పుడు ఇంకో సంగతి తేలింది. మొదటి రోజు నుంచి చివరి రోజుకు వచ్చేసరికి "ఎందుకంటే", "అందువల్ల", "ఇప్పుడు అర్థమైంది" వంటి మాటలు పెరిగినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది.

ఇందులోంచి మనం తీసుకోవాల్సినవి రెండున్నాయి. జరిగింది ఒక్కటే రాస్తే చాలదు, అనిపించింది ఒక్కటే రాసినా చాలదు, రెండూ ఉండాలి. ఇక రాత ఎటో కదలాలి. నిన్న రాసిందే ఇవాళ కూడా అవే మాటల్లో వస్తుంటే అది పనిచేయడం లేదు.

కదలడం అంటే ఏమిటో చూద్దాం. ఆఫీసులో చేదు అనుభవం ఎదురైన ఒక మనిషి ఇలా రాసుకున్నాడనుకోండి:

"ఇవాళ మీటింగులో అందరి ముందూ నన్ను చిన్నబుచ్చారు. ఎప్పుడూ ఇంతే. నా మాటకు అక్కడ విలువే లేదు."

మూడు వాక్యాలూ తీర్పులే. ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. ఈ మనిషి రేపు చదువుకున్నా కోపం తప్ప ఏమీ దొరకదు. అదే రోజును ఇలా రాస్తే:

"నేను లెక్కలు చెబుతుంటే ఆయన మధ్యలో ఆపి, ఇది తర్వాత చూద్దాం అన్నారు. నేను ఫైలు మూసేశాను. చెవులు వేడెక్కాయి. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. కోపమనుకున్నాను కానీ అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. ఎందుకంటే ఆ లెక్కల్లో ఒకటి నేను సరిచూసుకోలేదు, ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఆయన దాన్ని పసిగట్టారేమోనని భయం. రేపు ఆ ఒక్కటీ సరిచూసి, ఐదు నిమిషాలు టైమ్ అడుగుతాను."

"కోపమనుకున్నాను కానీ" అన్న చోట ఆ మనిషికి తన గురించి కొత్త సంగతి తెలిసింది. పై నాలుగు వాక్యాలు ఉన్నది ఉన్నట్టు రాయకపోతే ఆ ఐదో వాక్యం వచ్చేది కాదు. అందుకే మీరు రాయడం మొదలుపెట్టినప్పుడు కెమెరాకు కనిపించేవి, వినిపించేవి మాత్రమే ముందు రాయండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ మాట అన్నారు, మీ చేతులు ఏం చేస్తున్నాయి. "ఎప్పుడూ", "ఎవరూ", "అంతా" అనే మాటలు కలంలోంచి వస్తుంటే ఆగి, "ఏ రోజు? ఎవరు?" అని అడగండి. తర్వాత భావం. దాని తర్వాత "ఎందుకంటే" అని ఒక వాక్యం మొదలుపెట్టి, అది ఎటు వెళితే అటు వెళ్లనివ్వండి. చివర రేపటికి ఒక చిన్న పని. అంతే, అరపేజీ చాలు.

అక్షరదోషాలు, అందమైన వాక్యాలు, తేదీ పైన రాశారా కింద రాశారా, ఇవేవీ పట్టించుకోకండి.

ఇక ఎవరైనా చదువుతారేమోనన్న భయం. ఇది చిన్న విషయం కాదు. నలుగురున్న ఇంట్లో నోటుబుక్కు బల్ల మీద ఉంటుందంటే, రాసే చెయ్యి తెలియకుండానే నలుగురికీ నచ్చేటట్టు రాస్తుంది. అప్పుడది మీరు మీకు చెప్పుకునేది కాదు, మీ తరఫున మీరు వేసుకున్న వకాల్తా. అలాంటప్పుడు విడి కాగితం మీద రాసి, పని అయ్యాక చింపేయండి. దాచుకోకపోతే వృథా అనుకోవద్దు. మేలు జరిగేది రాసేటప్పుడే. రేపటి పని ఒక్కటి వేరే చీటీ మీద రాసుకుంటే సరిపోతుంది.

రాత మేలు చేయని సందర్భాలు

డైరీ రాస్తే అందరికీ మంచిదే అని చెప్పేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. 2013లో డేవిడ్ స్బారా బృందం కొత్తగా జీవిత భాగస్వామి నుంచి విడిపోయినవాళ్ల మీద చేసిన అధ్యయనం ప్రచురించింది. "ఇలా ఎందుకు జరిగింది, దీనికి అర్థం ఏమిటి" అని అదేపనిగా వెతుక్కునే స్వభావం ఉన్నవాళ్లలో, తమ భావాలను తవ్వి తీసి రాసినవారి కంటే, ఆ రోజు ఏం చేశారో మామూలుగా రాసినవాళ్లే నెలల తర్వాత మెరుగ్గా ఉన్నారు. మానుతున్న పుండును రోజూ గోకితే ఏమవుతుందో అదే ఇక్కడా అయ్యింది.

మీరు ఆ కోవకు చెందినవారైతే, బాధ బాగా పచ్చిగా ఉన్న రోజుల్లో రెండే పనులు చేయండి. మొదటిది, చదవడం. రెండోది, రాయక తప్పదనిపిస్తే "నేను" అనకుండా రాయడం. మీ పేరు పెట్టి, బయటి మనిషి గురించి చెబుతున్నట్టు రాయండి. ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఉపన్యాసం ఇవ్వడం వంటి ఒత్తిడి పని ముందు తమతో తాము "నేను" అని కాకుండా తమ పేరుతో మాట్లాడుకున్నవాళ్లు తక్కువ కంగారుపడ్డారు. రాతలోనూ ఇది ప్రయత్నించదగ్గది. మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. నాలుగు వాక్యాలు దాటాక, మీ మీద మీకు అంతకుముందు లేని జాలి కలుగుతుంది. స్నేహితుడికి చెప్పే సలహా మనకు మనం ఎందుకు చెప్పుకోమో అప్పుడు తెలుస్తుంది.

పెన్నిబేకర్ స్వయంగా చెప్పే ఒక నియమం ఉంది. ఫలానా విషయం రాస్తే తట్టుకోలేనని మీకే అనిపిస్తే, రాయకండి. వేరే విషయం రాయండి. ఇందులో పిరికితనం ఏమీ లేదు.

చదివే రోజు

ఆత్మపరిశీలన కోసం చదవడం వేరు, కాలక్షేపానికో సమాచారానికో చదవడం వేరు. ఇక్కడ ఎన్ని పేజీలయ్యాయన్న లెక్క లేదు. రెండు పేజీలు చాలు, ఒక్కోసారి ఒక పేరా చాలు.

ఏం చదవాలి? ఉత్తరాలు, ఆత్మకథలు, వ్యాసాలు, కవిత్వం, నెమ్మదిగా నడిచే కథలు. ఒక మనిషి మరో మనిషితో నిజం మాట్లాడుతున్నట్టుండే ఏ రచనైనా పనికొస్తుంది. వార్తలు వద్దు. తరువాతి పేజీలో ఏం జరుగుతుందోనని పరుగెత్తించే నవలలు పగటిపూటకు ఉంచుకోండి. వ్యక్తిత్వ వికాస పుస్తకాల విషయంలో నాకో అనుమానం ఉంది. అవి జవాబులు ముందే చెప్పేస్తాయి. పేజీ పేజీకీ తల ఊపుతాం, మన ప్రశ్న ఏమిటో మాత్రం అడగం. చదవద్దనను, ఈ పావుగంటకు మాత్రం వద్దు.

చదివే తీరు ఇలా. పెన్సిలు చేతిలో ఉంచుకోండి. నిదానంగా, వీలైతే పెదవులు కదిలేంత నిదానంగా చదవండి. ఏదో ఒక చోట కన్ను ఆగుతుంది. ఆ వాక్యం గొప్పదై ఉండక్కర్లేదు. ఆగినచోట చిన్న గీత గీసి, పుస్తకం మూసేయండి. ఇంకో పేజీ చదవాలన్న కోరికను ఆపుకోవడమే ఇందులో కష్టం.

పుస్తకం మూసి ఉండగానే, ఇప్పుడు చదివింది మీ మాటల్లో చెప్పుకోండి. దీనికో కారణముంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే పరిశోధకులు విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందరిని ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకున్నవాళ్లు ముందున్నారు. చదివినప్పుడు "అర్థమైంది" అనిపించడం వేరు, అది మనలో నిలవడం వేరు. చూడకుండా చెప్పుకోవడంలో ఇంకో లాభం కూడా ఉంది. రచయిత చెప్పినదానికీ మీకు గుర్తున్నదానికీ తేడా వస్తుంది. ఆ తేడా దగ్గరే మీరు దొరుకుతారు.

ఉదాహరణకు, కథలో ఒక తమ్ముడు అన్నకు క్షమాపణ ఉత్తరం రాసి, పోస్టు చేయకుండా పెట్టెలో దాచుకున్నాడనుకోండి. మీ కన్ను అక్కడ ఆగింది. పుస్తకం మూసి ఇలా రాసుకోవచ్చు: "వాడు ఉత్తరం పంపలేదు. రాసేశాడు కాబట్టి సగం పని అయిపోయిందనుకున్నాడేమో. నేనూ ఒకరికి చెప్పాల్సిన మాటను మనసులో ఎన్నోసార్లు చెప్పేసుకున్నాను. ఆ మనిషికి మాత్రం ఇంకా తెలియదు." మూడు నాలుగు వరసలు, అంతే. కథలో తమ్ముడి మనసు ఎలాంటిదో విశ్లేషించనక్కర్లేదు. "ఇది నన్నెందుకు ఆపింది?" అన్న ప్రశ్నకు జవాబొస్తే చాలు.

ఇలాంటి నాలుగు వరసలు ఒకే నోటుబుక్కులో చేరుతుంటే కొన్నాళ్లకు వెతుక్కోవడం కష్టమవుతుంది. తత్వవేత్త జాన్ లాక్ 1686లోనే దీనికో ఉపాయం ప్రచురించాడు. నోటుబుక్కులో రెండు పేజీలు అక్షరక్రమ సూచికకు కేటాయించి, రాసుకున్న ప్రతిదానికీ ఒక శీర్షిక పెట్టి, అది ఏ పేజీలో ఉందో అక్కడ వేసుకోవడం. మనకు అంత కట్టుదిట్టం అక్కర్లేదు. మొదటి పేజీ ఖాళీగా వదిలి, "క్షమాపణ 14, 31", "డబ్బు భయం 9" అని రాసుకుంటూ పోతే చాలు. ఏ శీర్షిక పక్కన అంకెలు పెరుగుతున్నాయో చూస్తే, మిమ్మల్ని ఏది పట్టుకుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

పడుకునే ముందు చదివేటట్టయితే కాగితం పుస్తకమే మేలు. వెలుగు చిమ్మే తెర మీద చదివినవాళ్లకు, కాగితం పుస్తకం చదివినవాళ్లకంటే నిద్ర ఆలస్యంగా పట్టిందని 2014 చివర్లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఫోనులో ఇంకో చిక్కు. ఒక్క నోటిఫికేషన్ చాలు, పావుగంట మాయం.

ఎప్పుడు కూర్చోవాలి?

చదవడానికి ఉదయం, రాయడానికి రాత్రి అని చాలామందికి కుదురుతుంది. రాయాలంటే రోజు గడిచి ఉండాలి కదా. రోమన్ తత్వవేత్త సెనెకా రాత్రి దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మౌనంగా ఊరుకున్నాక, ఆ రోజు తాను చేసినవీ అన్నవీ మొత్తం తిరగేసుకునేవాడు. ఏదీ దాచుకోకుండా, తనను తాను క్షమించుకుంటూ. ఆ రెండూ కలిసి ఉండటం నాకు ముఖ్యమనిపిస్తుంది. దాచుకోకపోవడం ఒక్కటే ఉంటే పావుగంట కోర్టుగా మారుతుంది, క్షమించుకోవడం ఒక్కటే ఉంటే జోలపాటగా. పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉదయం "ఇవాళ ఏం మంచి చేయాలి" అనీ, రాత్రి "ఇవాళ ఏం మంచి చేశాను" అనీ తనను తాను అడిగేవాడు. తీరిక లేని రోజున ఈ రెండు ప్రశ్నలకు ఒక్కో వాక్యం జవాబు రాసినా చాలు.

రేపటి పనులు తలలో తిరిగి నిద్ర పట్టకపోతే అది ఆత్మపరిశీలనకు వేళ కాదు. అలాంటప్పుడు రేపు చేయాల్సిన పనులను వివరంగా ఐదు నిమిషాలు రాసేసి పడుకోండి. 2018లో మైకేల్ స్కల్లిన్ బృందం చేసిన ప్రయోగంలో, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే చేయాల్సిన పనులు రాసినవాళ్లు త్వరగా నిద్రపోయారు.

అలవాటు నిలవడానికి

21 రోజుల్లో అలవాటవుతుందన్న మాట నమ్మకండి. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త పని దానంతటదే జరిగేదాకా రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. అందులోనే తేలిన ఊరటనిచ్చే మాట: మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదు. కాబట్టి తప్పిన రోజుకు శిక్షగా మర్నాడు అరగంట కూర్చోవద్దు. నిన్నటిది వదిలేసి ఇవాళ్టిది చేయండి. రోజూ తప్పకుండా చేసే ఏదో ఒక పనికి దీన్ని జత చేయండి, పళ్లు తోముకున్న వెంటనే అన్నట్టుగా.

నెలకొకసారి మాత్రం, చింపేయకుండా ఉంచుకున్నవన్నీ ఒకేసారి చదవండి. తప్పొప్పులు వెతక్కండి. పెన్సిలుతో రెండే గుర్తులు పెట్టండి: రేపటి పని అని రాసుకుని నిజంగా చేసినవాటి పక్కన ఒకటి, పదేపదే వచ్చిన ఒకే ఫిర్యాదు పక్కన ఇంకొకటి. మొదటి గుర్తులు ఉంటే మీ పావుగంట పనిచేస్తోంది, ఎంపిక మార్చాల్సిన పనిలేదు. రెండో గుర్తు ఒకే మనిషి పేరు దగ్గర నాలుగైదు సార్లు పడితే, ఆ విషయంలో మీరు చదవాల్సిందీ రాయాల్సిందీ అయిపోయింది. ఆ మనిషితో మాట్లాడటానికి ఒక రోజు, ఒక వేళ అనుకుని ఆ సాయంత్రం నోటుబుక్కులో అది మాత్రమే రాయండి. ఆ గుర్తు మనిషి దగ్గర కాక మీ నిద్ర, మీ ఆకలి, బతుకు మీద విసుగు దగ్గర పడుతూ రెండు వారాలు దాటితే మాత్రం, ఆ పేజీలు పట్టుకుని డాక్టరు దగ్గరకో కౌన్సెలర్ దగ్గరకో వెళ్లండి. ఎప్పటి నుంచి, ఎలా ఉందని వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.